వేళ, తావు ఎరిగి పనిచేసే కంప్యూటరు



తొలకరి నాలుగు చినుకులు పడగానే విత్తనం వేయడం, ఆపైన వాన ముఖం చాటేస్తే గింజ నేలలోనే మాడిపోవడం మన కర్నూలు, కడప మెట్ట రైతులకు కొత్త కాదు. వేరుశనగ పోతే కాయలే కాదు, పశువులకు వేసే కట్టె కూడా పోయినట్లే.

2016 ఖరీఫ్‌లో కర్నూలు జిల్లా దేవనకొండ మండలంలో 175 మంది రైతులకు ఇక్రిశాట్, మైక్రోసాఫ్ట్, రాష్ట్ర ప్రభుత్వం కలసి ఫోనులో తెలుగు సందేశాలు పంపాయి. 1986 నుండి 2015 వరకు గల వాతావరణ లెక్కలను, నేలలో తేమ చాలునా అన్న అంచనాను కలిపి కంప్యూటరు చూసింది. జూన్ మొదట్లో తొందరపడవద్దు, ఆఖరి వారం దాకా ఆగండి అన్నది సలహా. దిగుబడి సగటున 30 శాతం పెరిగినట్లు ఇక్రిశాట్ ప్రకటించింది. రైతుకు కావలసింది సందేశం అందుకొనే మామూలు ఫోను మాత్రమే.

ఇట్లు తావు, వేళ, స్థితి గమనించి పనిచేసే ప్రోగ్రాములకు చరిత్ర ఉన్నది. 1992 నాటికే ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో ఒలివెట్టి పరిశోధనశాల ఉద్యోగులు చొక్కాకు చిన్న బిళ్ల తగిలించుకొనేవారు. అది 15 సెకన్లకొకసారి కంటికి కనిపించని కాంతితో గుర్తు పంపేది. మనిషి ఏ గదిలో ఉంటే ఫోను అక్కడికే కలిపేవారు. 1994లో షిలిట్, థీమర్ అనేవారు ఈ జాతికి 'సందర్భమెరిగినవి' అని అర్థం వచ్చే పేరు పెట్టారు. 1999లో డే, అబౌడ్ వీటిని మూడు విధాలుగా విడదీశారు.

మొదటివి చూపేవి. దేవనకొండ సందేశం ఇటువంటిదే. విత్తడం, మానడం రైతు చేతిలోనే ఉన్నది.

రెండవవి తామే చేసేవి. పాలు చల్లబరిచే ట్యాంకులో వేడి పెరిగితే మోటారు తనంతట తానే తిరుగుతుంది గదా, దాన్ని వీటికి ముత్తాత అనుకోండి. నా దృష్టిలో ఎక్కువ కాపలా కావలసింది వీటికే. వేడి కొలిచే పుల్ల తప్పు చెబితే మోటారు నిద్రపోతుంది, తెల్లవారేసరికి పాలు విరుగుతాయి. ట్యాంకు మీది అంకె 4 డిగ్రీలు చూపుతున్నా, చేతి థర్మామీటరుతో రోజూ ఒకసారి సరిచూడండి.

మూడవవి గుర్తు తగిలించేవి. సంఘంలో కంప్యూటరు తూకం వద్ద మీ నంబరు, తేదీ, పూట, లీటర్లు, వెన్న శాతం కలిపి నమోదవుతాయి. పూటదేముంది అనుకోవద్దు. ఉదయం పాలకన్న సాయంత్రం పాలలో వెన్న సాధారణంగా కొంచెం ఎక్కువ, పితుకుల మధ్య ఎడం తక్కువ గనుక. నిన్న సాయంత్రపు చీటీని నేటి ఉదయపు చీటీతో పోల్చి కార్యదర్శితో తగవు పడేముందు, రెండింటి మీద పూట చూడండి.