గేర్‌ ఆయిల్‌ ఎంపిక ఎవరిది? వారంటీ ఎవరి చేతిలో?

పొద్దున్నే బండి తీసినప్పుడు రెండో గేరు బిగుతుగా పడుతోంది. మూడు నుంచి రెండుకు దించితే కర్రుమంటోంది. జగ్గయ్యపేటలోనో నందిగామలోనో మెకానిక్‌ షెడ్డుకు వెళ్లి ఈ మాట చెబితే, ‘ముందు గేర్‌ ఆయిల్‌ మార్చి చూద్దాం’ అంటారు. ఏ ఆయిల్‌ పోస్తున్నారని అడిగేవారు తక్కువ. పోసినదాని పేరు బిల్లు మీద రాయించుకునేవారు ఇంకా తక్కువ. కొన్ని నెలలకు గేర్‌ బాక్స్‌ విప్పాల్సి వస్తే కథ మారిపోతుంది. బయట ఆయిల్‌ మార్పించారు కాబట్టి వారంటీ పోయిందని షోరూం వారు అంటారు. బాక్స్‌లో ముందునుంచే లోపముందని షెడ్డువారు అంటారు. ఇద్దరి మధ్యా నలిగి, చివరికి డబ్బు కట్టేది యజమానే.

చట్టం మాత్రం ఆ యజమానిని ఒంటరిగా వదిలేయలేదు. ఏ ఆయిల్‌ పోయించుకోవాలో, ఎవరి చేత పోయించుకోవాలో నిర్ణయించుకునే హక్కు అతనిదే. ఆ హక్కు వినియోగదారుల కమిషన్‌ ముందు నిలబడాలంటే రెండు కావాలి. బండికి సరిపడే ఆయిల్‌ ఏదో తెలిసి ఉండాలి. అదే పోశారని చూపే కాగితం చేతిలో ఉండాలి.

అంకె పెద్దదైతే ఆయిల్‌ మంచిదని కాదు

జాతీయ రహదారి 65 మీద గరికపాడు నుంచి చిల్లకల్లు, నందిగామ, కీసర మీదుగా విజయవాడ దాకా సాగే దారి గేర్లు మారుస్తూ నడపడం ఇష్టమైనవారికి నచ్చే దారి. వారిలో కొందరి చేతుల్లో వర్టస్‌ జీటీ, ఐ20 ఎన్‌ లైన్‌ మాన్యువల్‌ వంటి కార్లుంటాయి. ఇంకొందరు ఉత్పత్తి ఆగిపోయిన అబార్త్‌ పుంటో, బలేనో ఆర్‌ఎస్‌, టియాగో జేటీపీలను సెకండ్‌ హ్యాండ్‌లో వెతికి కొంటారు. ఇలాంటి కార్లలో గేరు మెత్తగా పడడం డ్రైవర్‌ చేతితో పాటు ఆయిల్‌ మీద కూడా ఆధారపడుతుంది.

మాన్యువల్‌ గేర్‌ బాక్స్‌లో సింక్రోనైజర్‌ రింగులుంటాయి. గేరు పడే ముందు గేర్‌ చక్రం, షాఫ్టుల వేగాన్ని సమం చేసేవి ఇవే. ఆ పని రాపిడి వల్లే జరుగుతుంది. ఆయిల్‌ పళ్లను అరిగిపోకుండా కాపాడాలి, రింగు పట్టును మాత్రం జార్చకూడదు. అమెరికన్‌ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్‌ వర్గీకరణలో జీఎల్‌-4 రకం ఈ పనికి విస్తృతంగా వాడే ఆయిల్‌. జీఎల్‌-5లో గంధకం, భాస్వరంతో చేసిన ఒత్తిడి నిరోధక పదార్థాలు ఇంకా ఎక్కువ. అది ముఖ్యంగా వెనక యాక్సిల్‌లోని హైపాయిడ్‌ గేర్ల కోసం పుట్టింది. జీఎల్‌-4 అడిగిన బాక్స్‌లో దాన్ని పోస్తే రింగు పట్టు తగ్గి గేరు కర్రుమనవచ్చు. కొన్ని రకాల జీఎల్‌-5 ఆయిళ్లు ఇత్తడి రింగులను తినేస్తాయి కూడా. ‘ఐదు నంబరు, ఇంకా మంచిది’ అని కౌంటర్‌ దగ్గర ఎవరైనా అంటే అక్కడే ఆగి మాన్యువల్‌ తెరిచి చూడాలి. కొన్ని గేర్‌ బాక్స్‌లకు తయారీదారే జీఎల్‌-5 చెబుతాడు, వాటికి అదే సరైనది.

రెండోది చిక్కదనం. 75డబ్ల్యూ-90, 80డబ్ల్యూ-90, 75డబ్ల్యూ-80 అనే అంకెలు ఎస్‌ఏఈ జే306 ప్రమాణం ప్రకారం వేసినవి. డబ్ల్యూ పక్కనున్న అంకె చలిలో పారే తీరును, చివరి అంకె వేడిలో ఉండే చిక్కదనాన్ని చెబుతాయి. ఇవి ఇంజిన్‌ ఆయిల్‌ అంకెలతో పోల్చేవి కావు. 75డబ్ల్యూ-90 గేర్‌ ఆయిల్‌ చిక్కదనం మామూలు 10డబ్ల్యూ-40 ఇంజిన్‌ ఆయిల్‌కు దగ్గరగానే ఉంటుంది. వేసవిలో ఎండ 45 డిగ్రీల దరిదాపులకు వెళ్లే ఈ మెట్ట ప్రాంతంలో ‘చిక్కటిదే మేలు’ అన్న నమ్మకంతో లారీలకు వాడే 90, 140 నంబరు ఆయిల్‌ కార్లలో పోయిస్తే, చలికాలపు ఉదయాల్లో రెండో గేరు మరింత బిగుసుకుంటుంది. హోండా తన మాన్యువల్‌ బాక్స్‌లకు ప్రత్యేకంగా ఎంటీఎఫ్‌ అనే ద్రవాన్ని సూచిస్తుంది. ఏ బండికి ఏదో తేల్చేది ఓనర్స్‌ మాన్యువల్‌లోని ఒక్క పేజీ. దాన్ని ఫోన్‌లో ఫొటో తీసి ఉంచుకోవడం సాంకేతికంగానూ, చట్టపరంగానూ మొదటి జాగ్రత్త.

‘బయట పోయించారు, వారంటీ లేదు’ అంటే?

కార్ల కంపెనీలు స్వతంత్ర మెకానిక్‌లకు విడిభాగాలు, పరీక్ష పరికరాలు అందకుండా చేస్తున్నాయని షంషేర్‌ కటారియా అనే వినియోగదారుడు 2011లో కాంపిటీషన్‌ కమిషన్‌ ఆఫ్‌ ఇండియాకు ఫిర్యాదు చేశారు. కమిషన్‌ 2014 ఆగస్టు 25న 14 కార్ల కంపెనీలకు మొత్తం సుమారు రూ. 2,545 కోట్ల జరిమానా విధించింది. కొన్ని కంపెనీలు అప్పీళ్లకు వెళ్లాయి. ఆ తీర్పులో సామాన్యుడికి పనికొచ్చే అంశం జరిమానా కాదు, వారంటీ గురించి చెప్పిన సూత్రం. బండిని బయట మెకానిక్‌కు చూపించినంత మాత్రాన వారంటీ మొత్తం రద్దవుతుందనే షరతు పెట్టకూడదని కమిషన్‌ చెప్పింది. బయట చేసిన తప్పుడు రిపేరు వల్ల ఎంత నష్టం జరిగిందో అంతమేరకు మాత్రమే వారంటీని నిరాకరించవచ్చు.

గేర్‌ ఆయిల్‌ విషయంలో ఈ సూత్రం అర్థం చాలా సూటిగా ఉంటుంది. యజమాని నందిగామ షెడ్డులో మాన్యువల్‌ చెప్పిన గ్రేడ్‌ ఆయిల్‌ పోయించుకున్నాడనుకుందాం. తర్వాత పవర్‌ విండో మోటారు పాడైతే గేర్‌ ఆయిల్‌ సాకుతో వారంటీ కాదనడానికి వీల్లేదు. గేర్‌ బాక్సే పాడైతే, ఆ ఆయిల్‌ వల్లే పాడైందని సాంకేతికంగా చూపించాలని కంపెనీని గట్టిగా అడగవచ్చు. అదే యజమాని జీఎల్‌-4 చోట జీఎల్‌-5 పోయించి ఉంటే కంపెనీ వాదనకు బలం వస్తుంది. బిల్లు మీద ‘గేర్‌ ఆయిల్‌ 2 లీటర్లు’ అని మాత్రమే ఉంటే ఏం పోశారో ఎవరూ తేల్చలేరు. బ్రాండు, గ్రేడ్‌, జీఎల్‌ సంఖ్య, లీటర్లు, కిలోమీటర్‌ రీడింగ్‌, తేదీ అన్నీ బిల్లు మీద ఉండాలి.

గేర్‌ ఆయిల్‌ మార్చడం బండిలో మార్పు చేయడం కిందకు రాదు. మోటారు వాహనాల చట్టం సెక్షన్‌ 52 రిజిస్ట్రేషన్‌ పత్రంలోని వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చడం గురించి మాట్లాడుతుంది. ఆయిల్‌ దాని పరిధిలోనిది కాదు, ఆర్టీఓ అనుమతి అక్కర్లేదు.

లూజు ఆయిల్‌, నకిలీ డబ్బా

సిమెంటు ఫ్యాక్టరీలు, లారీలు ఉన్న చోట డ్రమ్ము నుంచి కొలిచి అమ్మే ఆయిల్‌ కొత్తేమీ కాదు. లారీలకు అలవాటైన ఆ పద్ధతి కార్లకు వచ్చేసరికి ప్రమాదం. డ్రమ్ములో ఏముందో, అందులో పాత ఆయిల్‌ ఎంత కలిసిందో కంటికి తెలియదు.

2009 లీగల్‌ మెట్రాలజీ చట్టం కింద 2011లో వచ్చిన ప్యాకేజ్డ్‌ కమోడిటీస్‌ నిబంధనల ప్రకారం సీల్‌ చేసిన డబ్బా మీద తయారీదారు పేరు, చిరునామా, సరుకు పేరు, పరిమాణం, తయారైన నెల, సంవత్సరం, అన్ని పన్నులతో కలిపిన ఎమ్మార్పీ, ఫిర్యాదుల కోసం సంప్రదింపు వివరాలు ఉండాలి. దిగుమతి సరుకైతే ఏ దేశానిదో కూడా రాయాలి. ఎమ్మార్పీకి మించి ఒక్క రూపాయి అడిగినా తూనికలు, కొలతల శాఖకు ఫిర్యాదు చేయవచ్చు. ‘ఇంపోర్టెడ్‌ సింథటిక్‌’ అంటూ స్టిక్కర్‌ మీద స్టిక్కర్‌ అంటించిన డబ్బాలకూ ఇదే వర్తిస్తుంది.

2019 వినియోగదారుల రక్షణ చట్టం 2020 జులైలో అమల్లోకి వచ్చింది. అమ్మిన సరుకుకు బిల్లు ఇవ్వకపోవడాన్ని అది అనుచిత వ్యాపార పద్ధతిగా చెబుతోంది. లోపమున్న సరుకును బిల్లులో రాసిన గడువులోగా, గడువు రాయకపోతే 30 రోజుల్లోగా వాపసు తీసుకుని డబ్బు ఇవ్వడానికి నిరాకరించడమూ అలాంటిదే. ఈ చట్టంలోని సెక్షన్‌ 86 లూజు ఆయిల్‌ కొన్నవారు తెలుసుకోదగ్గది. ఒక సరుకు వల్ల మరో ఆస్తికి నష్టం జరిగి, దాని తయారీదారు ఎవరో తెలియకపోతే, అమ్మినవాడే బాధ్యుడవుతాడు. పేరూ ఊరూ లేని ఆయిల్‌ గేర్‌ బాక్స్‌ను పాడుచేస్తే ‘నాకేం తెలుసు, డ్రమ్ములో వచ్చింది పోశాను’ అనే జవాబు దుకాణదారుడిని కాపాడదు. ప్రసిద్ధ బ్రాండు పేరుతో నకిలీ డబ్బాలు అమ్మితే 1999 ట్రేడ్‌ మార్క్స్‌ చట్టం కింద ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, రూ. 50 వేల నుంచి రూ. 2 లక్షల దాకా జరిమానా ఉంటాయి.

రుజువు ఎలా?

వాహన వివాదాల్లో వినియోగదారులు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. మారుతీ ఉద్యోగ్‌, సుశీల్‌ కుమార్‌ గబ్‌గోత్రా కేసులో వివాదం క్లచ్‌ లోపం గురించే. వారంటీ ప్రకారం లోపమున్న భాగాన్ని మార్చాలి తప్ప మొత్తం బండిని కాదని 2006లో సుప్రీంకోర్టు చెప్పింది. సి.ఎన్‌.అనంతరాం, ఫియట్‌ ఇండియా కేసులో కారులో తయారీ లోపం ఉందో లేదో స్వతంత్ర సాంకేతిక నిపుణుడు పరీక్షించి తేల్చాలని 2010లో నిర్దేశించింది. ఈ రెంటినీ కలిపి చూస్తే యజమాని ఏం కోరాలో, దాన్ని ఎలా నిరూపించాలో తెలుస్తుంది. గేరు పడకపోతే కొత్త కారు ఇవ్వమనడం కంటే బాక్స్‌ మరమ్మతు ఖర్చు, బండి ఆగిన కాలానికి పరిహారం అడిగితే ఫిర్యాదు గట్టిగా నిలబడుతుంది.

వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్‌ 38 ప్రకారం పరీక్ష లేకుండా తేలని లోపమైతే జిల్లా వినియోగదారుల కమిషన్‌ నమూనాను సీల్‌ చేసి లాబొరేటరీకి పంపుతుంది. నివేదిక 45 రోజుల్లో రావాలి. పరీక్ష రుసుము ముందుగా ఫిర్యాదుదారుడు జమ చేయాలి. అందుకే గేర్‌ బాక్స్‌ విప్పేటప్పుడు డ్రైన్‌ బోల్టు నుంచి దిగిన పాత ఆయిల్‌ను పారబోయనివ్వకూడదు. శుభ్రమైన సీసాలో పట్టించి మూత బిగించి, మెకానిక్‌ సంతకంతో తేదీ వేసి దాచాలి. ఖాళీ డబ్బాను, అరిగిన రింగులను కూడా వెనక్కి అడిగి తీసుకోవాలి. విప్పడం మొదలైనప్పటి నుంచి వీడియో తీయడం మంచిది.

మున్నేరు నీళ్లు బాక్స్‌లోకి వస్తే

ఈ ప్రాంతానికి ఇంకో ప్రత్యేకమైన చిక్కుంది. 2023 జులై నెలాఖరులో మున్నేరు పొంగి నందిగామ మండలం ఐతవరం దగ్గర జాతీయ రహదారి మీదికి నీరు వచ్చి రాకపోకలు ఆగిపోయాయి. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వరదకు విజయవాడలో వేల వాహనాలు మునిగాయి. గాలి రంధ్రం ద్వారా నీరు చేరితే గేర్‌ ఆయిల్‌ పాలరంగుకు తిరుగుతుంది. అలాంటి ఆయిల్‌తో నడిపితే బేరింగులు తుప్పు పడతాయి. మునిగిన బండిని స్టార్ట్‌ చేయకుండా, ఫొటోలు తీసి బీమా కంపెనీకి తెలియజేయాలి. సర్వేయర్‌ చూసేదాకా ఆయిల్‌ తీయించకూడదు. థర్డ్‌ పార్టీ పాలసీ వరద నష్టానికి పనికిరాదు, సొంత నష్టం కవర్‌ ఉండాలి. ఇంజిన్‌, గేర్‌ బాక్స్‌ రక్షణ, ఆయిళ్ల ఖర్చు సాధారణంగా విడి యాడ్‌ ఆన్‌లలో వస్తాయి కాబట్టి పాలసీ షెడ్యూల్‌ చదవాలి. కంపెనీ నెల రోజుల్లో సరైన జవాబు ఇవ్వకపోతే హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్‌ అంబుడ్స్‌మన్‌కు ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు.

ఎక్కడికి, ఎలా?

మొదట 1915 నంబరుకు ఫోన్‌ చేయడం తేలిక. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌. అక్కడ తేలకపోతే జిల్లా కమిషన్‌ ఉంది. 2022 ఏప్రిల్‌ 4న జిల్లాల విభజనతో జగ్గయ్యపేట, నందిగామ ఎన్టీఆర్‌ జిల్లాలోకి వచ్చాయి, వీరికి కమిషన్‌ విజయవాడలో ఉంది. కారు హైదరాబాద్‌లో కొన్నా, ఆయిల్‌ బెంగళూరు నుంచి ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నా ఫిర్యాదుదారుడు నివసించే చోటే కేసు వేయవచ్చు. చెల్లించిన ధర రూ. 50 లక్షల దాకా ఉన్నవి జిల్లా కమిషన్‌ వింటుంది. రూ. 5 లక్షల లోపు అయితే రుసుము లేదు. ఆయిల్‌, దాని మార్పిడి కూలీకి సంబంధించిన కేసులు దాదాపు అన్నీ ఈ లోపే ఉంటాయి. వకీలు తప్పనిసరి కాదు, ఆన్‌లైన్‌లోనూ దాఖలు చేయవచ్చు.

ఎదుటి పక్షానికి జవాబిచ్చేందుకు 30 రోజులు, కారణం చూపితే మరో 15 రోజులు గడువు. ఫిర్యాదుకు కారణం తలెత్తిన రోజు నుంచి రెండేళ్లలోపు కేసు వేయాలి. తీర్పు నచ్చకపోతే 45 రోజుల్లో రాష్ట్ర కమిషన్‌కు అప్పీలు. ఆదేశాన్ని పాటించకపోతే సెక్షన్‌ 72 కింద నెల నుంచి మూడేళ్ల దాకా జైలు లేదా రూ. 25 వేల నుంచి రూ. లక్ష దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

సొంతంగా టాక్సీ నడుపుకునేవారికి ‘వ్యాపార అవసరం’ అనే అడ్డు చెబుతుంటారు. స్వయం ఉపాధితో బతుకుతెరువు కోసమే వాడే బండి యజమాని వినియోగదారుడే అని చట్టం స్పష్టంగా చెబుతోంది. మహిళలు, ఎస్సీ, ఎస్టీలు, దివ్యాంగులు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయానికి అర్హులు. ఇందుకోసం స్థానిక కోర్టు ప్రాంగణంలోని మండల న్యాయసేవాధికార కమిటీని అడగవచ్చు, లేదా 15100 నంబరుకు ఫోన్‌ చేయవచ్చు. వెళ్లేటప్పుడు మాన్యువల్‌లోని ఆయిల్‌ పేజీ, బిల్లు, జాబ్‌ కార్డు, డబ్బా ఫొటోలు, షోరూం రాతపూర్వకంగా ఇచ్చిన తిరస్కరణ వెంట ఉండాలి. షోరూం వారు నోటిమాటతో కాదంటే ఈమెయిల్‌ పంపి, జవాబు రాతలోనే ఇవ్వమని కోరాలి.