'డిప్రైవ్' తో వచ్చిన చిక్కు

ఇంటర్మీడియెట్‌లో ఉన్నప్పుడు నేను 'హి డిప్రైవ్డ్ మై సీట్' అని రాసి ఎర్రసిరా గీత పెట్టించుకున్నాను. అర్థం తెలుసు, వాడటం తెలియదు. మిత్రులారా, మనలో చాలామంది సంగతి ఇంతే.

తీసేసుకోవడం అనగానే మన మనసు వస్తువు మీదికి పోతుంది. 'స్టీల్' అనే క్రియకు అది సరిపోతుంది. 'హి స్టోల్ మై సైకిల్' అంటే కర్మ సైకిలే. 'డిప్రైవ్' కు మాత్రం కర్మ మనిషి. ముందు పోగొట్టుకున్నవాణ్ణి చెప్పి, 'ఆఫ్' పెట్టి, ఆ తర్వాత పోయిందేమిటో చెప్పాలి: 'హి డిప్రైవ్డ్ మి ఆఫ్ మై సీట్'. 'రాబ్' దీ ఇదే దారి. 'ఆఫ్' చోట 'ఫ్రమ్' పెట్టకూడదు.

ఇది మనకు కొత్తేమీ కాదు. 'వాణ్ణి చదువుకు దూరం చేశారు' అంటాం కదా, అక్కడ కర్మ 'వాణ్ణి'. 'లాక్కున్నారు' అనుకుంటే తప్పుతాం, 'దూరం చేశారు' అనుకుంటే వాక్యం దానంతటదే కుదురుతుంది.

ఇంకో తేడా ఉంది, అసలుది అదే. దొంగ చేతికి సొత్తు వస్తుంది. 'డిప్రైవ్' లో అలా రావలసిన పనిలేదు. నిజాం రాజ్యంలో సంఖ్యలో తెలుగువాళ్ళే ఎక్కువ, కాని పై చదువుకూ కచేరీకీ ఉర్దూ. తెలుగు పిల్లలకు తమ భాషలో పెద్ద చదువు లేకుండా పోయింది. అలాగని తెలుగును ఎవరూ మూటగట్టుకుని ఇంటికి తీసుకుపోలేదు! కనుక 'తెలుగు చిల్డ్రన్ వర్ డిప్రైవ్డ్ ఆఫ్ దేర్ లాంగ్వేజ్' అనాలి. 1904లో మన హనుమకొండలో రాజరాజ నరేంద్రాంధ్ర భాషానిలయం పెట్టినవాళ్ళ బాధ ఈ వాక్యంలోనే ఉంది.

రాజ్యాంగం 21వ అధికరణంలోనూ ఈ క్రియే. చట్టం ఏర్పరచిన పద్ధతిలో తప్ప ఎవరికీ ప్రాణం, వ్యక్తిగత స్వేచ్ఛ లేకుండా చేయరాదని భావం. 1978 నాటి 44వ సవరణతో వచ్చిన 300-ఎ లో ఆస్తి విషయంలోనూ అంతే. రెండుచోట్లా కర్మణి ప్రయోగం, చేసేవాడి పేరుండదు. చట్టంలో అది మంచిదే, ఎవరు చేసినా పట్టుకోవచ్చు. పత్రికా ప్రకటనల్లో మాత్రం నాకు దీనిమీద అనుమానం. చేసినవాడు వాక్యంలోంచి మెల్లగా జారుకుంటాడు.

అభ్యాసానికి ఒకటి: 'స్కాలర్‌షిప్పు ఆలస్యమై ఆ పిల్లకు హాస్టల్లో తిండి లేకుండా పోయింది.' 'డిప్రైవ్' వాడి రెండు విధాల రాయండి, ఒకసారి కర్త లేకుండా, ఒకసారి కర్తతో.