సందేహాలు - సమాధానాలు: పుస్తక ప్రచురణలో ఉద్యోగ జీవితం

ప్రశ్న: ఎం.ఏ. తెలుగు పూర్తిచేశాను. పుస్తకాలంటే ప్రాణం. ప్రచురణ సంస్థలో చేరి బాధ్యత గల స్థానానికి ఎదగాలని ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి?
- ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: అమ్మా, మన సాహిత్య ప్రచురణ సంస్థల్లో చాలావరకు కుటుంబాలో మిత్రులో కలిసి నడిపేవే. జీతానికి చేర్చుకుని క్రమంగా పదోన్నతులిచ్చే చోట్లు తక్కువ. అవి ఎక్కువగా పాఠ్యపుస్తకాలు, విద్యాగ్రంథాలు వేసే సంస్థల్లో దొరుకుతాయి. ఓరియంట్ బ్లాక్‌స్వాన్ ప్రధాన కార్యాలయం హైదరాబాదులోనే ఉంది. ఇలాంటి చోట సహాయ సంపాదకురాలిగా చేరితే, కొన్నేళ్లకు ఏ పుస్తకం వేయాలో ప్రతిపాదించే స్థాయి వస్తుంది. ఆ తర్వాతే ఒక విభాగం మొత్తాన్ని నడిపే అవకాశం. ఇగ్నోలో పుస్తక ప్రచురణపై పీజీ డిప్లొమా ఉంది. నేషనల్ బుక్ ట్రస్టు స్వల్పకాలిక శిక్షణ ఇస్తుంది. రెండూ మంచివే. అయితే అసలు చదువు ప్రెస్సులోనే.

ఒక్క ఉదాహరణ చూడండి. డీటీపీ పూర్తయ్యాక మీ పుస్తకం 196 పేజీలు తేలిందనుకుందాం. పదహారు పేజీల ఫారం లెక్కన 192 పేజీలకు 12 ఫారాలు సరిపోతాయి. మిగిలిన నాలుగు పేజీల కోసం మళ్లీ ప్లేటు, మళ్లీ కాగితం, బైండింగులో అదనపు పని. తెలిసిన సంపాదకురాలు అధ్యాయం చివర రెండే వాక్యాలతో మిగిలిపోయిన పేజీల్ని వెతుకుతుంది, ముందు వదిలిన ఖాళీ పేజీల్ని సర్దుతుంది, రచయితతో మాట్లాడి 192కి తెస్తుంది. అక్షరం సైజు తగ్గించి మాత్రం తేదు. పెద్దవయసు పాఠకుల కళ్లు ఆమెకు గుర్తుంటాయి. ఇంత చిన్న పనిలోనే డబ్బూ, రచయిత మనసూ, పాఠకుడి సౌకర్యమూ మూడూ కలిసున్నాయి. పై స్థానంలోనూ చేయాల్సింది ఇదే, కాకపోతే ఏడాదికి వేసే పుస్తకాలన్నిటికీ.

పాత అను ఫాంట్ల ఫైళ్లను యూనికోడులోకి మార్చాక ప్రూఫు చూడటం కూడా నేర్చుకోండి. చెదిరిన ఒత్తుల్ని పట్టుకోగల కళ్లకు ఈ రోజుల్లో చాలా గిరాకీ.

ప్రశ్న: ప్రచురణ సంస్థలో అమ్మకాలు చూస్తున్నాను. సాహిత్యం పెద్దగా చదవలేదు. నాలాంటివాడు సంస్థను నడిపే స్థాయికి వెళ్లగలడా?
- ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: వెళ్లగలరు. రెండు వందల ధర వేసిన పుస్తకం మీద షాపుకు నలభై శాతం కమీషన్ పోతే చేతికొచ్చేది 120. అందులో ధర మీద పది శాతం రాయల్టీ 20. మిగిలిన వందలో అచ్చు, కవరు బొమ్మ, రవాణా, గోడౌను అద్దె, జీతాలు. ఆ 120 కూడా ఎన్ని నెలలకు వస్తుందో మీకు తెలిసినంతగా సంపాదకులకు తెలియదు. ఐదు వందల కాపీలు వేయాలా, వెయ్యా అన్న ప్రశ్న దగ్గరే సంస్థలు నిలిచేదీ కూలేదీ. కాపీ ఒక్కింటికి ఖర్చు తగ్గుతుందని వెయ్యి వేసి ఆరు వందలు గోడౌనులో పెట్టుకోవడం పొదుపు కాదు.

కానీ చదవకుండా ఆ స్థాయిలో కూర్చోవద్దు. ఇది గట్టిగానే చెబుతున్నాను. ఏ ఊళ్లో ఏది పోతుందో తెలిసినవాడు నిన్నటి పుస్తకాన్ని బాగా అమ్మగలడు. ఎవరూ అడగని పుస్తకానికి పాఠకులుంటారని నమ్మాలంటే చదివి తీరాలి. 1980లో మొదలైన హైదరాబాద్ బుక్ ట్రస్ట్ అలెక్స్ హేలీ ‘రూట్స్’ను సహవాసి చేత ‘ఏడు తరాలు’గా తెలుగు చేయించింది. అమెరికా నల్లజాతి కుటుంబం కథ కావాలని అప్పుడు ఏ షాపువాడూ ఆర్డరు పెట్టి ఉండడు. తెలుగువాళ్లు దాన్ని ఇప్పటికీ చదువుతున్నారు.

ప్రశ్న: ఈ వృత్తిలో ప్రపంచస్థాయికి వెళ్లిన భారతీయులున్నారా?
- ఒక విద్యార్థి, కరీంనగర్

జవాబు: సన్నీ మెహతా గురించి చదవండి. ఢిల్లీలో పుట్టి, కేంబ్రిడ్జిలో చదివి, లండన్‌లో పుస్తక ప్రచురణలో పని మొదలుపెట్టారు. 1972లో పికడోర్ పేపర్‌బ్యాక్ శాఖను నెలకొల్పినప్పుడు తక్కువ ధర పుస్తకంలోనూ గంభీర సాహిత్యం అందంగా ఉండొచ్చని చూపించారు. 1987లో న్యూయార్క్‌లో నాఫ్ సంస్థ పగ్గాలు పట్టి 2019 డిసెంబరులో చనిపోయేదాకా వదల్లేదు. ఆయన హయాంలో టోనీ మోరిసన్ నవలలూ ‘జురాసిక్ పార్క్’ కూడా అక్కడినుంచే వచ్చాయి. అమ్ముడయ్యేదాన్ని చిన్నచూపు చూడకపోవడం, అమ్ముడవనిదాన్ని వదిలేయకపోవడం ఆయన దగ్గర నేర్చుకోవాల్సినవి.

ప్రశ్న: మా సంస్థలో రచయితలతో అంతా నోటిమాటే. కొత్తగా నిర్వహణ బాధ్యత నాకిచ్చారు. ఒప్పందంలో ఏముండాలి?
- ఒక పాఠకుడు, హైదరాబాదు

జవాబు: ముందు ఆ నోటిమాట మానేయండి. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం హక్కుల బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. కాలపరిమితి రాయకపోతే ఐదేళ్లుగా, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే అని లెక్క. డల్లాస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో ఉన్న తెలుగువాళ్లకు అమ్మాలంటే ఆ సంగతి ఒప్పందంలో ఉండాలి. తీసుకున్న హక్కును ఏడాదిలోగా వాడకపోతే, వేరే గడువు రాసుకోని పక్షంలో, అది రద్దయినట్టే. రచయిత మరణానంతరం అరవై ఏళ్లు హక్కులు వారసులవి కాబట్టి పాత పుస్తకాల పునర్ముద్రణకు వారి సంతకాలు తీసుకోండి. అచ్చు, ఈ-బుక్, ఆడియో, అనువాదం, సినిమా హక్కులను విడివిడిగా రాయండి. మీకు అక్కర్లేనివి రచయితకే వదిలేయండి. రాయల్టీ లెక్క అడిగించుకోకుండా ఏటా పంపండి. ఆ ఏడు అమ్ముడైనవి పదకొండే అయినా సరే.