తీగ తెగినా మోగాలి!
ఇంటికి మనమే చేసుకునే దొంగల అలారం



తాళం గట్టిదే కానీ దానికి నోరు లేదు. ఎవరైనా పగలగొడితే అది ఎవరికీ చెప్పదు. సెలవుల్లో మన ట్రంకు పెట్టెలు హాస్టల్ గదిలో ఉంటాయి. అమ్మానాన్నలు పనికి వెళితే ఇల్లు తాళంతో ఉంటుంది. ఆ పెట్టెల్లో బంగారం లేకపోవచ్చు. మార్కుల మెమోలు, కుల ధ్రువీకరణ పత్రం, ఒక జత కొత్త బట్టలు ఉంటాయి. అవి పోతే మళ్లీ సంపాదించుకోవడానికి ఎన్ని ఆఫీసుల చుట్టూ తిరగాలో మనకు తెలుసు. కాబట్టి తాళానికి నోరు ఇచ్చే పద్ధతిని నేర్చుకుందాం. పదో తరగతి విద్యుత్తు పాఠం వచ్చినవారు ఎవరైనా దీన్ని చేయవచ్చు.

కొంచెం చరిత్ర

1853లో అమెరికాలో అగస్టస్ పోప్ అనే ఆయన విద్యుత్తుతో పనిచేసే దొంగల అలారానికి పేటెంటు పొందాడు. తలుపు తెరిస్తే వలయం పూర్తయి గంట మోగేది.

న్యూయార్క్‌లోని క్వీన్స్ ప్రాంతంలో మేరీ వాన్ బ్రిటన్ బ్రౌన్ అనే నల్లజాతి మహిళ నర్సుగా పనిచేసేవారు. రాత్రిపూట ఆమె ఇంట్లో ఒంటరిగా ఉండవలసి వచ్చేది. పిలిచినా పోలీసులు త్వరగా వచ్చేవారు కాదు. భర్త ఆల్బర్ట్ ఎలక్ట్రానిక్స్ పని తెలిసినవాడు. ఇద్దరూ కలిసి తలుపు దగ్గర కెమెరా, గదిలో టీవీ తెర, మాట్లాడటానికి మైకు, దూరం నుంచి తలుపు తీసే మీట, సాయం కోరే బటన్ గల ఏర్పాటును రూపొందించారు. 1966లో దరఖాస్తు చేస్తే 1969 డిసెంబర్ 2న పేటెంటు వచ్చింది. అవసరం ఉన్నవారే దారి కనిపెడతారనడానికి ఇది మంచి ఉదాహరణ.

అసలు సూత్రం

అలారాలు రెండు రకాలు. మొదటిది తలుపు తెరిస్తే వలయం మూసుకుని మోగేది. దాని తీగను దొంగ కత్తిరిస్తే ఇక ఎప్పటికీ మోగదు. రెండవది ఎప్పుడూ కరెంటు పారుతూ ఉండే మూసిన వలయం. తలుపు తెరిచినా, తీగ తెగినా కరెంటు ఆగుతుంది. ఆగిన వెంటనే మోగుతుంది. మనం రెండవదే చేయాలి.

కావలసిన వస్తువులు

తలుపుకు పెట్టే అయస్కాంత రీడ్ స్విచ్, రెండు జతల కాంటాక్టులున్న 12 వోల్టుల రిలే, 12 వోల్టుల 7 ఆంపియర్-అవర్ బ్యాటరీ, 12 వోల్టుల చిన్న సైరన్, నొక్కుడు బటన్, ఒక స్విచ్, 1 ఆంపియర్ ఫ్యూజు, 1ఎన్4007 డయోడు.

రీడ్ స్విచ్ అంటే గాజు గొట్టంలోని రెండు సన్నని లోహపు రేకులు. అయస్కాంతం దగ్గరగా ఉంటే అవి కలుస్తాయి, దూరమైతే విడిపోతాయి. అయస్కాంతాన్ని తలుపు రెక్కకు, స్విచ్‌ను ద్వారబంధానికి ఎదురెదురుగా బిగించాలి.

అమర్చే విధానం

1. బ్యాటరీ ధన ధ్రువం నుంచి ఫ్యూజుకు, అక్కడి నుంచి స్విచ్‌కు తీగ కలపండి. ఈ స్విచ్ ఇంట్లో వారికి మాత్రమే తెలిసిన చోట ఉండాలి.

2. స్విచ్ నుంచి రీడ్ స్విచ్‌కు, తర్వాత రిలే మొదటి జతలోని మామూలుగా తెరిచి ఉండే కాంటాక్టుకు, అక్కడి నుంచి రిలే కాయిల్‌కు, చివరికి రుణ ధ్రువానికి కలపండి.

3. ఆ కాంటాక్టుకు సమాంతరంగా నొక్కుడు బటన్ పెట్టండి.

4. స్విచ్ నుంచే ఇంకో తీగను రెండవ జతలోని మామూలుగా మూసి ఉండే కాంటాక్టు ద్వారా సైరన్‌కు, అక్కడి నుంచి రుణ ధ్రువానికి ఇవ్వండి.

5. కాయిల్‌కు అడ్డంగా డయోడు పెట్టండి. దాని గీత ఉన్న కొస ధన ధ్రువం వైపు ఉండాలి. లేకపోతే కాయిల్‌లో పుట్టే వోల్టేజి రీడ్ స్విచ్‌ను పాడుచేస్తుంది.

తలుపు మూసి, స్విచ్ వేసి బటన్ నొక్కండి. నొక్కేవరకు సైరన్ మోగుతుంది, కంగారు పడవద్దు. నొక్కగానే రిలే తనను తానే పట్టుకుని ఉంటుంది. తలుపు తెరిస్తే రిలే వదిలేస్తుంది, సైరన్ మోగుతుంది. దొంగ మళ్లీ తలుపు మూసినా ఆగదు. కిటికీలు కూడా ఉంటే వాటి రీడ్ స్విచ్‌లను మొదటిదానితో శ్రేణిలో కలపాలి.

ఒక లెక్క

కాయిల్ నిరోధం 400 ఓములు అనుకుందాం. ఓం నియమం ప్రకారం 12 ÷ 400 = 0.03 ఆంపియర్లు. 7 ÷ 0.03 = సుమారు 233 గంటలు, అంటే 9 రోజులకు పైన. నిజానికి కొంత తగ్గుతుంది. కాబట్టి వారానికి ముందే ఛార్జి చేయాలి.

ఫోనుకు కబురు

పెద్ద తరగతుల వారు, పూర్వ విద్యార్థులు దీన్ని మరో మెట్టు ఎక్కించవచ్చు. ఈఎస్‌పీ32 అనే చిన్న బోర్డుకు వేరే రీడ్ స్విచ్ కలిపి, ఈఎస్‌పీ‌హోమ్, హోమ్ అసిస్టెంట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్లతో ఫోనుకు కబురు పంపవచ్చు. ఈ బోర్డు కాళ్లు 3.3 వోల్టులకే తట్టుకుంటాయి. 12 వోల్టులు తగిలితే కాలిపోతుంది. ఇక్కడా అదే సూత్రం: బోర్డు నుంచి కబురు ఆగిపోతే దాన్ని కూడా ప్రమాదంగా లెక్కించి హెచ్చరిక పంపేలా పెట్టాలి. వైఫై, నెట్ ఆగిపోవచ్చు. అందుకే సైరన్‌ను వాటి మీద ఆధారపడనివ్వకూడదు.

జాగ్రత్తలు

తలుపుకు గానీ కంచెకు గానీ ఇంటి కరెంటు ఎప్పుడూ పెట్టవద్దు. దొంగ మాట అటుంచి, పక్కింటి పిల్లవాడో, మన అమ్మో చనిపోవచ్చు. అది నేరం కూడా. బ్యాటరీ ధ్రువాలు నేరుగా తగిలితే మంటలు లేస్తాయి. హాస్టల్‌లో వార్డెన్ గారి అనుమతితోనే అమర్చండి. పడుకునే గదిలో, స్నానాల దగ్గర కెమెరా పెట్టడం రక్షణ కాదు, ఇతరుల మర్యాదను దొంగిలించడమే.

దీనికీ హద్దులున్నాయి. బ్యాటరీని ఎత్తుకుపోతే సైరన్ మూగబోతుంది. కాబట్టి రెండూ చేతికి అందని ఎత్తున, పెట్టెలో ఉండాలి. తీగలు బయటికి కనిపిస్తే తెలిసినవాడు రెండింటినీ కలిపి మోసం చేయగలడు. అందుకే వాటిని లోపలి వైపే నడపాలి.

అన్నిటికంటే ముఖ్యం, సైరన్ దొంగను పట్టుకోదు. అది పదిమందిని పిలుస్తుంది, అంతే. మోగితే ఎవరు వస్తారో పక్కింటివారితో, పక్క గదివారితో ముందే మాట్లాడుకోండి. ఒంటరిగా దొంగకు ఎదురు వెళ్లకుండా 112కు ఫోన్ చేయండి.

ఆలోచించండి

1. రీడ్ స్విచ్‌లను శ్రేణిలో కాక సమాంతరంగా కలిపితే ఏమవుతుంది?

2. కాయిల్ నిరోధం 240 ఓములైతే బ్యాటరీ ఎన్ని గంటలు వస్తుంది?