గాలీ పెట్రోలూ పాళ్ళు – మోటారు సైకిలులో ఆక్సిజన్ సెన్సరు

(తృతీయ బి.ఎస్సి. విద్యార్థి, హనుమంతునిపాడు)

పొయ్యిలో కట్టెలు ఎక్కువై గాలి ఆడకపోతే ఇల్లంతా పొగ కమ్ముతుంది. మా అమ్మకు తెలిసిన ఈ సంగతే మోటారు సైకిలు ఇంజనుకూ వర్తిస్తుంది.

మాది మెట్ట ప్రాంతం. పొలానికి మందు డబ్బా మోయాలన్నా, కనిగిరి పోయి రావాలన్నా మా నాయనకు పాత కార్బ్యురేటరు బండే దిక్కు. రెండేళ్ళ క్రితం వేసవిలో "మైలేజీ పెంచు అన్నా" అని ఒక మెకానిక్కును అడిగితే, ఆయన చిన్న జెట్టు వేసి పంపాడు. మైలేజీ పెరిగిన మాట నిజమే. నెల తిరగకముందే మిట్టమధ్యాహ్నం ఎగువలో ఇంజను పట్టేసింది. పిస్టనుకూ, బోరుకూ ఆ ఏటి కంది డబ్బు చాలావరకు పోయింది. "లీటరుకు నాలుగు కిలోమీటర్లు మిగిలాయిరా, బండి మిగల్లేదు. పాళ్ళు ఎంతుండాలో మీ కాలేజీలో చెప్పరా?" అన్నాడు నాయన. ఆ ప్రశ్నకు జవాబే ఈ వ్యాసం.

లెక్క ఎంత?

పెట్రోలుకు ప్రతినిధిగా ఆక్టేనును తీసుకుందాం. 114 గ్రాముల ఆక్టేను పూర్తిగా మండటానికి 400 గ్రాముల ఆక్సిజన్ కావాలి. గాలి బరువులో ఆక్సిజన్ సుమారు 23 శాతమే గదా! కావున గాలి దాదాపు 15 రెట్లు కావాలి. మామూలు పెట్రోలుకు ఈ పాలు 14.7. పెట్రోలు ఇంతకంటే ఎక్కువైతే ప్లగ్గు మసి పడుతుంది, కార్బన్ మోనాక్సైడు పెరుగుతుంది. తక్కువైతే ప్లగ్గు తెల్లబడుతుంది, బరువు మీద ఇంజను కాగిపోతుంది. మా బండికి జరిగింది ఇదే.

సెన్సరు పనిచేసే తీరు

సైలెన్సరు గొట్టంలో బిగించే ఈ సెన్సరు ప్లగ్గంత ఉంటుంది. లోపల జిర్కోనియా పింగాణీ, దానికి రెండు వైపులా ప్లాటినం పూత. ఒక వైపు బయటి గాలి, రెండో వైపు ఇంజను పొగ. సుమారు 300 డిగ్రీల సెల్సియస్ దాటితే ఆక్సిజన్ అయాన్లు పింగాణీ గుండా కదులుతాయి, వోల్టేజి పుడుతుంది. మనం చదివే నెర్నస్ట్ సమీకరణమే ఇక్కడ పనిచేస్తుంది. పొగలో 1 శాతం ఆక్సిజన్ మిగిలితే 700 డిగ్రీల వద్ద వచ్చేది 0.06 వోల్టులే. పెట్రోలు ఎక్కువై ఆక్సిజన్ దాదాపు లేకుండా పోతే 0.9 వోల్టుల దాకా వస్తుంది. సరైన పాలు దగ్గర వోల్టేజి ఒక్కసారిగా మారుతుంది. 0.45 వోల్టులను హద్దుగా తీసుకుంటారు.

దీన్ని కార్లలో మొదట వాడినది 1976లో, వోల్వో కంపెనీ. మన దేశంలో 2020 ఏప్రిల్ 1న బి.ఎస్.–6 నిబంధనలు వచ్చాక ఇంజెక్షన్ బండ్లలో ఇది మామూలైంది. సెన్సరు చెప్పినదాన్ని బట్టి కంప్యూటరు పెట్రోలును సరిచేస్తూ ఉంటుంది. మా పాత బండిలో ఆ పని మనిషే చేయాలి.

మేము చేసినది

వెల్డింగు షాపులో గొట్టానికి నట్టు అతికించి, హీటరు ఉన్న పాత సెన్సరు బిగించి, మల్టీమీటరు కలిపాం. చిన్న జెట్టుతో ఎగువ ఎక్కితే ముల్లు 0.1 దగ్గరే ఉంది. పెద్ద జెట్టు వేశాక 0.8కి వచ్చింది. బరువు మీద కొంచెం పెట్రోలు ఎక్కువ ఉండటమే క్షేమం. ఆ అదనపు పెట్రోలే ఇంజనును చల్లబరుస్తుంది.

జాగ్రత్తలు

1. గొట్టంలో చీలిక ఉంటే బయటి గాలి చొరబడి, పెట్రోలు తక్కువన్నట్టు చూపుతుంది. ప్లగ్గు సరిగా మండకపోయినా అంతే.

2. ఈ రకం సెన్సరు ఎక్కువా తక్కువా అని మాత్రమే చెబుతుంది. ఎంత అనేది తెలియాలంటే వైడ్‌బ్యాండ్ రకం కావాలి.

3. ఇథనాలుకు గాలి 9 రెట్లే చాలు. 20 శాతం ఇథనాలు కలిసిన పెట్రోలుకు పాలు సుమారు 13.5కు దిగుతుంది. కావున అదే జెట్టుతో పాత బండికి ఇంధనం తక్కువ పడుతుంది.

4. పరీక్ష ఆరుబయటే చేయాలి. కార్బన్ మోనాక్సైడుకు రంగూ వాసనా లేవు.

మిత్రులారా! నెర్నస్ట్ సమీకరణాన్ని పరీక్ష కోసం బట్టీపట్టినవాణ్ణే నేనూ. అదే ఒక రైతు బండిని కాపాడుతుందని అప్పుడు తోచలేదు. ఇప్పుడు నాయన ప్రతి నెలా ప్లగ్గు విప్పి, "రంగు చూడరా" అంటాడు. లేత ఇటుక రంగు కనబడితే ఇద్దరికీ నిశ్చింత.