చెరువు నీటి మంచిచెడ్డలు - చేపలు, కప్పలు

తెల్లవారుజామున చెరువులోని చేపలు నీటిపైకి వచ్చి నోళ్ళు తెరచుచున్నచో పలువురు రైతులు దానిని తెగులని తలచి మందుకై పరుగెత్తెదరు. తరచుగా అది తెగులు కాదు, చేపలకు ఊపిరాడకపోవుట. నీటిలో కరగియున్న ప్రాణవాయువు లీటరుకు 5 మిల్లీగ్రాములకు తగ్గకుండ ఉన్నచో బొచ్చె, శీలావతి, మోసు చక్కగా పెరుగును. 3 మిల్లీగ్రాములకు తగ్గినచో మేత సరిగా తినవు. 1 మిల్లీగ్రామునకు దిగినచో ఒక్క రాత్రిలోనే సంవత్సరపు శ్రమ నీటిపాలు కావచ్చును.

ఇది తెల్లవారుజాముననే ఏల జరుగును? నీటిలోని పాచి పగటి ఎండలో ప్రాణవాయువును విడుచును. రాత్రి చేపలతోపాటు తానును దానిని పీల్చును. కావున నీరు ఎంత చిక్కని ఆకుపచ్చగా నున్నచో వేకువకు అంత లోటు ఏర్పడును. మబ్బు పట్టిన దినములలో ఈ లోటు మరింత హెచ్చు. ఊరి మురుగు, పశువుల పేడ, పొలములనుండి కొట్టుకొని వచ్చు యూరియా, భాస్వరము - ఇవన్నియు పాచికి ఎరువులే. మీరు వరికి వేసిన యూరియాలో కొంత భాగము మీ చెరువునే చేరుచున్నదని గుర్తింపుడు.

కొర్రమీను, మార్పు, ఇంగిలాయి పైగాలిని కూడ పీల్చగలవు. ఇవి మంచి నీటిలోను ఉండును గాని, వలలో ఇవియే పడుచు పరిగెలు, బొచ్చెలు కనబడకున్నచో, చేపలు దొరకుచున్నవి గదా అని సంతోషింపరాదు. చెరువులో ప్రాణవాయువు లోపించినదేమో చూడవలెను.

కప్పల సంగతి వేరు. వాటి గుడ్లకు పెంకు లేదు. చర్మము పలుచనిది, నీటితోపాటు నీటిలోని విషమును గూడ లోనికి పీల్చును. తోకకప్పలు మొప్పలతో ఊపిరి పీల్చును. మందుకొట్టు యంత్రమును చెరువులో కడుగుట అందుకే పెద్ద తప్పు. సైపర్‌మెత్రిన్ వంటి మందు లీటరు నీటికి గ్రాములో పది లక్షల వంతులలో కొద్ది వంతులున్నను చేపలను చంపగలదు. పంటను తిను పురుగులను కప్పలు తినును. మన దేశమునుండి కప్పకాళ్ళ ఎగుమతిని 1987లో నిషేధించిరి. అంతకుముందు పొలములలో కప్పలను విరివిగా పట్టెడివారు. నేడు వల వేసి పట్టకున్నను మందు డబ్బాతో అదే పని చేయుచున్నాము.

చేపలు బాగున్న చెరువులో కప్పలును విరివిగా నుండునని కొందరి నమ్మకము. అది పూర్తిగా నిజము కాదు. చాల చేపలు కప్పగుడ్లను, తోకకప్పలను తినివేయును. తొలకరి వానలకు నిండి కొన్ని నెలలకు ఎండిపోవు గుంటలలో చేపలుండవు గనుక కప్పలలో అనేక జాతులు అక్కడనే గుడ్లు పెట్టి పెరుగును. చెరువు ప్రక్కనున్న అట్టి గుంటలను పూడ్చి చదును చేయకుడు.

నీటిని పరీక్షించుటకు యంత్రము లేకున్నను చేయి కలదు. పగటివేళ మోచేతి వరకు నిలువుగా ముంచుడు. అరచేయి బొత్తిగా కనబడకున్నచో, అది బురద వలన గాక పచ్చదనము వలన నైనచో, మేతను, పేడను ఆపవలెను. చేపలు నోళ్ళు తెరచుట చూచిన వెంటనే మంచి నీటిని పెట్టుడు, లేదా ఇంజనుతో చెరువు నీటినే తోడి గాలిలోనుండి తిరిగి చెరువులో పడునట్లు చిమ్ముడు. చెరువులోనికి నీరు వచ్చు దారిలో గడ్డి పెంచినచో ఎరువును, బురదను కొంత ఆపును. యంత్రము కడిగిన నీటిని మందుకొట్టిన పొలములోనే పోయవలెను.

సున్నము విషయమున ఒక జాగ్రత్త. పుల్లని నేలల చెరువులకు సున్నము మేలు చేయును. కాని నీరు పచ్చబడి, అడుగున కుళ్ళు చేరి, అమ్మోనియా ఉన్నపుడు ఎండవేళ సున్నము చల్లినచో క్షారగుణము పెరిగి ఆ అమ్మోనియాయే విషమగును. కావున మొదట నీటిని పరీక్ష చేయించి, పిమ్మటనే చల్లుడు.