చూశామా, విన్నామా, ఊహించామా?



ఈ ఏడాది ఎనిమిదో తరగతిలో వార్తా రచన గురించి చెబుతూ మేము ఒక చిన్న ప్రయోగం చేశాం. తరగతిని రెండు జట్లుగా విడదీసి, ఉక్రెయిన్‌లోని ఖార్కివ్ నగరం మీద ఒక్కో జట్టుకు ఒక్కో వార్తా వీడియో చూపించాం. రెండూ రెండేసి నిమిషాల లోపువే, రెండూ మెట్రో స్టేషన్లలో తీసినవే. చూశాక "అక్కడ రోజువారీ జీవితం ఎలా ఉంది?" అన్న ప్రశ్నకు ఐదు వాక్యాలు రాయమన్నాం.

మొదటి జట్టు "ఖార్కివ్‌లో జనం ఇళ్ళు వదిలి ప్లాట్‌ఫాంల మీద పడుకుంటున్నారు" అని రాసింది. రెండో జట్టు "ఖార్కివ్‌లో పిల్లలు హాయిగా బడికి వెళ్తున్నారు" అని రాసింది. ఒకరి వాక్యాలు ఒకరు వినగానే తరగతిలో గోల మొదలైంది. "మీది అబద్ధం" అంటే "మీదే అబద్ధం" అనుకున్నారు.

నిజానికి ఏ జట్టూ అబద్ధం రాయలేదు. అలాగని ఏ జట్టూ పూర్తి నిజం రాయలేదు. ఎందుకో చూద్దాం.

ముందుగా తేదీ

ఖార్కివ్ ఉక్రెయిన్‌లో రెండో పెద్ద నగరం. రష్యా సరిహద్దు అక్కడికి 30-40 కిలోమీటర్లే. మన సూరత్‌కు నవసారి ఎంత దూరమో ఇంచుమించు అంతే. 2022 ఫిబ్రవరి 24న రష్యా దాడి మొదలుపెట్టింది. మెట్రో రైళ్ళు ఆగిపోయాయి. వేలమంది స్టేషన్లలోకి దిగి అక్కడే వారాల తరబడి తలదాచుకున్నారు. మొదటి వీడియో ఆ మార్చి నెలది. మే 24న రైళ్ళు మళ్ళీ నడిచాయి.

రెండో వీడియో 2023 సెప్టెంబరు తర్వాతది. అప్పటికి అవే మెట్రో స్టేషన్లలో కొన్నింటిలో తరగతి గదులు కట్టి, వెయ్యిమందికి పైగా పిల్లలకు చదువు చెబుతున్నారు. సరిహద్దు అంత దగ్గర కావడంతో, క్షిపణి వస్తోందని తెలిశాక దాక్కోవడానికి దొరికే సమయం చాలా తక్కువ. అందుకే బడి భూమి కిందికి దిగింది. 2024 మేలో అక్కడ భూగర్భంలోనే ప్రత్యేకంగా ఒక బడి కట్టి తెరిచారు.

ఇప్పుడు రెండో జట్టు వాక్యం మళ్ళీ చదవండి. బడికి వెళ్ళడం వీడియోలో ఉంది. మరి 'హాయిగా' అన్న మాట ఎక్కడి నుంచి వచ్చింది? పిల్లలు నవ్వుతూ కనిపించారు. ఆ నవ్వుకు 'హాయి'ని మనమే జోడించాం.

తెలుగు ఇచ్చిన మూడు పనిముట్లు

వీడియోలను సరిపోల్చడానికి మన భాషలోనే చక్కటి పనిముట్లు ఉన్నాయి.

కళ్ళతో చూసింది: "ఒక పాప దుప్పటి పరుచుకుని పడుకుంది."
ఎవరో చెప్పగా విన్నది: "వాళ్ళ ఇల్లు కూలిపోయిందట."
మనం ఊహించింది: "వాళ్ళ నాన్న యుద్ధానికి వెళ్ళాడు కాబోలు."

క్రియ చివర ఒక్క 'ట' చేరగానే 'ఇది నేను చూడలేదు, విన్నాను' అని అర్థం వస్తుంది. అయితే 'ట' పెట్టినంత మాత్రాన మన బాధ్యత తీరిపోదు. పుకార్లు కూడా 'ట'తోనే నడుస్తాయి కదా! అందుకే 'ట' వాడిన ప్రతిచోటా "ఎవరన్నారు?" అని అడగాలి. అన్నది విలేఖరా, ఆ పాప తల్లా, సైన్యం ప్రతినిధా? ఎవరన్నారో తెలిస్తే ఎంత నమ్మాలో తెలుస్తుంది.

ఒక్క అక్షరం విలువ

ఇదంతా వ్యాకరణం గొడవ అనుకుంటున్నారా? ఆ రోజు తరగతిలో ఒక అమ్మాయి చేయెత్తింది. 2022లో వాళ్ళ పెద్దమ్మ కొడుకు ఖార్కివ్‌లో వైద్యం చదువుతున్నాడట. మార్చి 1న కర్ణాటకకు చెందిన ఒక వైద్య విద్యార్థి ఆ నగరంలోనే దాడిలో మరణించాడు. అతను తిండి సరుకుల కోసం వెళ్ళాడని అప్పటి వార్తలు చెప్పాయి. అంగడికి వెళ్ళి సరుకులు తెచ్చుకోవడం కన్నా మామూలు పని ఏముంటుంది?

ఆ వార్త విన్న ఇంట్లో ఇక నిద్ర ఎక్కడిది? అదే రాత్రి పెద్దమ్మ ఫోన్‌కు ఒక వీడియో వచ్చింది. కింద "తెలుగు విద్యార్థుల హాస్టల్ కూలిపోయింది" అని రాసి ఉంది. "పెద్దమ్మ మర్నాటి దాకా మంచినీళ్ళు కూడా ముట్టలేదు టీచర్" అంది ఆ అమ్మాయి. మర్నాడు అన్నయ్య ఫోన్ చేశాడు. అతను మెట్రో స్టేషన్‌లో క్షేమంగా ఉన్నాడు. ఆ వీడియోలోని భవనం అసలు వాళ్ళ హాస్టలే కాదు. తర్వాత అతను ఆపరేషన్ గంగ విమానంలో ఇల్లు చేరాడు. ఆ కార్యక్రమం ద్వారా సుమారు 22,500 మంది భారతీయులు తిరిగి వచ్చారు.

ఆ వీడియో పంపినవారు "కూలిపోయిందట, ఎవరు చెప్పారో తెలియదు" అని రాసి ఉంటే? లేదా తేదీ, చోటు తెలియని వీడియోను పంపకుండా ఆగి ఉంటే?

పోలికతో పాటు తేడా

మరో అబ్బాయి "వాళ్ళూ మనలాగే ఊళ్ళు మారుతున్నారు" అన్నాడు. మంచి మాటే. మేము ఇప్పటికి ఐదు ఊళ్ళు మారాం, మీలో కొందరు అంతకన్నా ఎక్కువే మారి ఉంటారు. కొత్త బడిలో మొదటి రోజు చివరి బెంచీలో కూర్చోవడం ఎలా ఉంటుందో మనకు తెలుసు. అందుకే ఆ పిల్లల ముఖాలు మనకు దగ్గరగా అనిపిస్తాయి.

అయితే సరిపోల్చడం అంటే పోలికలు చెప్పి ఊరుకోవడం కాదు, తేడాలు కూడా చెప్పాలి. మన బదిలీకి ఒక ఉత్తర్వు ఉంటుంది, చేరవలసిన తేదీ ఉంటుంది. సామాను లారీలో వెనకే వస్తుంది. టి.సి. తీసుకుంటే ఇంకో బడి మనల్ని చేర్చుకుంటుంది. విడిచి వచ్చిన ఊరు అక్కడే ఉంటుంది, సెలవుల్లో వెళ్ళి చూడవచ్చు. వాళ్ళకు ఇవేవీ లేవు. పోలిక వల్ల మనకు వాళ్ళ మీద ఆప్యాయత కలుగుతుంది, తేడా తెలిస్తే వాళ్ళ కష్టం ఎంతటిదో అర్థమవుతుంది.

వీడియోలో పట్టనిది

కెమెరా ఒకవైపే చూస్తుంది. ఖార్కివ్ వీడియోలో సూరత్ కనిపించదు. కానీ ముడి వజ్రాలు ఎక్కువగా వెలికితీసే దేశాల్లో రష్యా ఒకటి. యుద్ధం కారణంగా 2024 జనవరి 1 నుంచి జి-7 దేశాలు రష్యా వజ్రాల దిగుమతిని నిషేధించాయి. వజ్రాలు సానబట్టే మన నగరానికి అది చిన్న విషయం కాదు. యుద్ధం జరిగే చోటికి ఎంతో దూరంలో కూడా రోజువారీ జీవితం మారుతుందని గుర్తుంచుకోండి.

అభ్యాసం

1. ఒకే ఊరి మీద వేర్వేరు తేదీల్లో వచ్చిన రెండు వార్తా వీడియోలను పెద్దల సమక్షంలో చూడండి. ఏది ఎప్పుడు, ఎక్కడ తీసినదో ముందుగా రాయండి.
2. చూసినవి, విన్నవి, ఊహించినవి మూడు వరుసల్లో రాయండి. రెండో వరుసలో 'ట' వాడి, పక్కన ఎవరన్నారో చేర్చండి.
3. రెండు పోలికలు, రెండు తేడాలు రాయండి.
4. ఆ వీడియోలోని ఒకరిని మీరు కలిస్తే ఏమి అడుగుతారు? ఒకే ప్రశ్న రాసి తరగతికి తీసుకురండి.